నాన్న టోపీ మీద గద్ద

గ్రోజిన్, 18 సెప్టెంబరు 2018

తమ్ముడు ఇగ్నాత్సీకి,

నేను మ్యూజియం డైరెక్టరు మీద కత్తి దూయలేదు. పిన్ని కూతురు యాద్విగా ఈపాటికి నీకు ఫోను చేసే ఉంటుంది కనుక, మిగిలిన సంగతులకు ముందు ఈ ఒక్కటి తేల్చాలి. ఆ హాల్లో కత్తులున్న మాట నిజమే. అవి తాళం వేసిన గాజు బీరువాలో ఉన్నాయి. నా చేతిలో ఉన్నది గొడుగు, అది కూడా ముడిచిన గొడుగు. నేను గాజు పగలగొట్టానని చర్చి పక్క బేకరీలో చెప్పుకుంటున్నారట. ఆ గాజు నిన్నటికి కూడా చెక్కుచెదరలేదు. స్వయంగా వెళ్ళి చూసి వచ్చాను.

నేను చేసింది ఇది. హాలుకు కాపలా ఉండే గెనోవెఫా టీ తాగడానికి వెళ్ళినప్పుడు, ఆమె కుర్చీని నాన్న కోటు పెట్టిన బీరువా ముందుకు లాక్కుని కూర్చున్నాను. వచ్చిన ప్రతివారికీ ఆ బీరువాలో ఏది అబద్ధమో వివరించాను. మ్యూజియం మూసేదాకా వివరించాను.

ఎవరో పొరుగూరి దంపతులు వచ్చారు. "మీరు గైడాండీ?" అని అడిగాడాయన.

"కాదు. ఈ కోటు తొడుక్కున్నవాడి కూతుర్ని."

"అయితే మీరే చెప్పండి. ఆ గైడబ్బాయి పాతకాలపు రౌతుల రెక్కల కవచం దగ్గర మొదలెట్టి ఊపిరి తీసుకోవడం లేదు" అంది ఆవిడ.

చివరికి డైరెక్టరు దిగివచ్చాడు. ఎవరనుకున్నావు? స్వావెక్ స్త్రుజిక్, బడిలో నా దగ్గర కెమిస్ట్రీ చదివినవాడు. "ప్రొఫెసర్ గారూ, పదండి, నా కారులో ఇంటి దగ్గర దింపుతాను" అన్నాడు, పిచ్చివాళ్ళను బుజ్జగించే గొంతుతో.

"స్వావెక్, నిన్ను ఒకసారి దయతలిచి పాస్ చేశాను. ఆ పొరపాటు మళ్ళీ చెయ్యను. నాన్న టోపీ మీది గద్ద ఏదీ?" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మే నెలలో నాన్న సైనిక కోటు, నాలుగు మూలల టోపీ మ్యూజియంకు అరువిచ్చాను. ఇచ్చేయలేదు, అరువిచ్చాను. స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళయిన సందర్భంగా పోలిష్ ఆయుధాలు, సైనిక దుస్తులు అన్నీ ఒకచోట చూపిస్తామని బతిమాలితే ఇచ్చాను. ఆ టోపీ మీద ఉన్నది మన దేశ చిహ్నమైన గద్దే, కానీ కిరీటం లేని గద్ద. 1943లో ఓకా నది ఒడ్డున, రష్యన్ల పంచన పుట్టిన మన సైన్యంలో నాన్నకు ఇచ్చిన రేకు బిళ్ల. ఇప్పుడు ఆ బిళ్ల లేదు. దాని చోట వెండి పూత వేసిన, కిరీటం ఉన్న, యుద్ధానికి ముందునాటి గద్ద బిళ్ల బిగించారు. కింద చీటీ మీద "1939 సెప్టెంబరు యోధుని దుస్తులు" అని రాశారు. 1939లో నాన్న ఒంటిమీద ఉన్న దుస్తులు తూర్పున ఏ నిర్బంధ శిబిరంలోనో పేలికలయ్యాయి. ఈ కోటు పుట్టిందే నాలుగేళ్ళ తరవాత.

"కుటుంబం అనుమతితోనే మార్చాం" అంటాడు స్వావెక్. కుటుంబమంటే నువ్వూ నేనూ. నేను ఇవ్వలేదు, నువ్వు ఇవ్వవు. కనుక వాడు అబద్ధమాడుతున్నాడు. నాన్న కొడుకువి కాబట్టి, అలాంటి అనుమతి ఏదీ లేదని నీ సంతకంతో రెండు ముక్కలు రాసి పంపు. ఈ వారంలోనే పంపు. ఫోను చేయకు; ఫోనులో నువ్వు దగ్గుతావు, నేను జాలిపడతాను.

ప్లమ్ జామ్ పొయ్యి మీద ఉంది. రెండో రోజు కలుపుతున్నాను. నీ సీసాలు నీకుంటాయి.

ఇట్లు
నీ అక్క లెయొకాదియా


గ్దీనియా, 25 సెప్టెంబరు

అక్కయ్యా,

నీ ఉత్తరం అందింది. యాద్విగా కథలో అయితే నువ్వు కత్తితో డైరెక్టరు నెక్‌టై కూడా కోసేశావు. నిజం తెలిశాక కాస్త నిరాశపడ్డాననే చెప్పాలి.

ఇక్కడ సముద్రపు గాలి మొదలైంది. మోకాలు వాతావరణ శాఖకన్నా ముందే చెబుతోంది. రేవులో నేను నడిపిన క్రేన్‌ను పాత ఇనుముకు అమ్మేశారు. చూడ్డానికి వెళ్ళాను, నాతోబాటు ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. తిరిగొచ్చి ఉప్పుచేప తిన్నాం.

మ్యూజియం సంగతికి ఇంత రభస అవసరమా అక్కయ్యా? నీ రక్తపోటు సంగతి నీకు తెలుసు. స్వావెక్ చెడ్డవాడు కాదు. చూసేవాళ్ళు నాన్నను గౌరవంగా చూడాలి, అంతేగా మనకు కావలసింది? కిరీటం ఉంటే నాన్నకేం తక్కువైంది? ఎడమ రెక్క కొన కాస్త వంగిపోయినా ఆ గద్దలో ఉన్న ఠీవి ఆ రేకుముక్కకు ఎక్కడిది? ఆ బిళ్లను చూసి జనం ఏమనేవారో నీకూ తెలుసు. కోడిపెట్ట అనేవారు. నాన్న టోపీ మీద కోడిపెట్టను పెట్టి నూరేళ్ళ పండగ చేసుకోవాలా?

నవంబరు పదకొండు, ఆ స్వాతంత్ర్య దినం, దాటిపోనీ. తరవాత నిదానంగా చూద్దాం. ఎనభై ఏళ్ళ మనిషివి, చలిలో అక్కడ కూర్చోకు.

జామ్ సీసాలు పంపేటప్పుడు ఎండు పుట్టగొడుగులు కూడా రెండు గుప్పెళ్ళు వేయి.

నీ తమ్ముడు
ఇగ్నాష్


గ్రోజిన్, 1 అక్టోబరు

ఇగ్నాత్సీ,

నేను సంతకం అడిగాను, నువ్వు వైద్య సలహా పంపావు.

నా వయసు నాకు తెలుసు. దాన్ని నాకు గుర్తుచేయడం ఈ ఊళ్ళో ఇప్పటికే చాలామంది పనిగా పెట్టుకున్నారు. మొన్న మునిసిపాలిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చి, "బామ్మగారూ, మీకు తోడుగా ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగింది. స్వావెక్ పంపాడని తెలుస్తూనే ఉంది. "ఆవర్తన పట్టిక ఉంటోందమ్మా" అని చెప్పి తలుపు వేశాను.

ఇక గౌరవం గురించి. ఆ హాల్లో ఆ చివర గోడకు పొడవాటి కొడవళ్ళు వేలాడదీశారు. రైతులు గడ్డి కోసే కొడవళ్ళను కమ్మరి దగ్గర నిటారుగా తిప్పించుకుని రష్యన్ ఫిరంగుల మీదికి వెళ్ళిన రోజులవి. వాటికి ఎవరైనా వెండి పిడులు తగిలించి వీటిని కత్తులనుకోండి అన్నారా? అనలేదు. పిడి లేకపోవడమే వాటి గౌరవం. నాన్న రష్యాలో ఖైదీగా చలిలో కలప కొట్టాడు. మనవాళ్ళ మొదటి సైన్యం ఇరాన్ మీదుగా దక్షిణానికి వెళ్ళిపోయేనాటికి ఆయన జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నాడు. రెండో సైన్యం పుట్టినప్పుడు, ఇంటికి నడిచి రావడానికి అదొక్కటే దారి కనుక అందులో చేరాడు. లెనీనో దగ్గర జరిగిన పోరులో కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. ఆ వేళ్ళు పోయినప్పుడు నెత్తి మీద ఉన్నది ఆ కోడిపెట్టే. కోడిపెట్ట అన్నవాళ్ళెవరూ అక్కడ లేరు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి మూడుసార్లు నువ్వు పిరికివాడివనుకున్నాను. నాలుగోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ఆ గద్దకు ఎడమ రెక్క కొన వంగిందని నీకెవరు చెప్పారు? నేను రాయలేదు. యాద్విగా మ్యూజియం గడప తొక్కలేదు. కరపత్రంలో ఫొటో రాలేదు. నువ్వు ఈస్టరు తరవాత ఈ ఊరు రాలేదు.

జవాబు రాసేదాకా సీసాలు కదలవు.

లెయొకాదియా


గ్దీనియా, 9 అక్టోబరు

అక్కయ్యా,

నీ బడిపిల్లలు పరీక్షల్లో కాపీ కొట్టి ఎప్పుడైనా తప్పించుకున్నారా అని ఆలోచిస్తున్నాను.

ఆ గద్ద నేనిచ్చిందే. జూన్‌లో స్వావెక్‌కు పోస్టులో పంపాను. నీకు చెప్పవద్దని నేనే అన్నాను. వాడు అబద్ధమాడలేదు.

ఎందుకిచ్చానో రాస్తాను, ఓపికుంటే చదువు. మా చర్చి గోడకు సైనికుల పేర్లతో రాతిపలక పెడుతున్నారు. ఇక్కడివాళ్ళవే కానక్కర్లేదు, ఇక్కడివాళ్ళ తండ్రులవైనా సరే అన్నారు. నేను నాన్న పేరు ఇచ్చాను. కమిటీలో ఒకాయన, నాతో కలిసి రేవులో పనిచేసినవాడే, కాగితం చూసి అన్నాడు: "ఇగ్నాష్, మీ నాన్న కోడిపెట్టల సైన్యం కదా. ఇది మనవాళ్ళ పలకరా." బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దుర్మార్గంగా కాదు, మామూలుగానే నవ్వారు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఇంటికొచ్చి ఆ బిళ్ల బయటికి తీశాను.

అది నేను కొన్నది కాదు, నాన్నది. 1939లో టోపీ మీద ఉన్నది. శిబిరాల్లో, ఆసుపత్రుల్లో, లెనీనోలో, బెర్లిన్ దారిలో అంతటా దాచుకుని తెచ్చాడు. పోయేముందు, 1978లో, పగటిపూట నేను దగ్గర కూర్చున్నప్పుడు నాకిచ్చాడు. "లోజియాకు చెప్పకురా" అన్నాడు, నిన్ను ముద్దుపేరుతోనే తలుచుకుని. "దానికి రేపు బడిలో ఎవరైనా ఏదైనా అడుగుతారు. తెలియకపోతే దాచే పని ఉండదు."

అంతే అక్కయ్యా. నాన్నకు కిరీటం ఇష్టం. నేను ఆయన బిళ్లనే ఆయన టోపీ మీద పెట్టించాను. ఇందులో ఇంత తప్పేముందో నాకు తెలియడం లేదు.

జామ్ అక్కర్లేదు. కోపం తగ్గాక ఒక ఉత్తరం ముక్క రాయి.

ఇగ్నాష్


గ్రోజిన్, 15 అక్టోబరు

ఇగ్నాత్సీ,

నాకు కోపం తగ్గలేదు. తగ్గాక రాయమన్నావు, ఆ లెక్కన నీకు ఈ జన్మలో ఉత్తరం రాకూడదు. అయినా రాస్తున్నాను.

నాన్న దగ్గర రాత్రిళ్ళు నేను కూర్చున్నాను. ఆయన పక్క మార్చాను, పెదవులు తడిపాను, ఆయన తలుచుకున్న ప్రతి మనిషి పేరూ విన్నాను. ఆ రాత్రుల్లో నాకు చెప్పనిది పగలు నీకు చెప్పాడంటావు. నేను బడిలో ఎవరితోనో వాగేస్తానని నాన్న భయపడ్డాడంటావు. నలభై ఏళ్ళు దాచి, చివరికి ఒక చర్చి బల్ల దగ్గర నలుగురు నవ్వినందుకు బయటపెట్టావు. కిరీటాన్ని ఒప్పుకోని కమ్యూనిస్టు ప్రభుత్వం పోయిన 1989 తరవాత నన్ను బడిలో అడిగేవాళ్ళెవరు? ఈ ఇరవై తొమ్మిదేళ్ళు ఎవరికి భయపడి దాచావు? ఆ ముక్క నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

నిన్ను నమ్మడానికి ప్రయత్నించాను. కుదరలేదు. ఈ రోజుల్లో ఇలాంటి బిళ్లలు ప్రతి ఆదివారం అంగట్లో దుప్పటి మీద పరిచి అమ్ముతున్నారు. పుట్టి పదేళ్ళు కాకపోయినా ఆమ్లంలో ముంచి ముసలివాటిని చేస్తున్నారు. ఎలా చేస్తారో నీకు కావాలంటే సమీకరణంతో సహా రాసి పంపగలను. ఎవడో నీ చేతిలో ఒకటి పెట్టాడు. నువ్వు దానికో మరణశయ్య కథ అల్లుకున్నావు. ఆ కోటు నాన్న పోయినప్పటి నుంచి నా బీరువాలో ఉంది. ఏటా వసంతంలో బయటికి తీసి, దులిపి, నాఫ్తలీను ఉండలు మార్చి పెట్టినదాన్ని నేను. ఆ కోటులో నాకు తెలియని రహస్యం ఉండదు.

సకల పునీతుల పండుగకు, సమాధుల మీద దీపాలు పెట్టడానికి నువ్వు ఎలాగూ వస్తావు. నవంబరు ఒకటిన నాన్న సమాధి ముందు నిలబడి, నా మొహం చూస్తూ ఆ మాట చెప్పు. చెప్పగలిగితే అప్పుడు ఆలోచిస్తాను.

లెయొకాదియా గావ్లిక్


గ్దీనియా, 3 నవంబరు

అక్కయ్యా,

నేను రాలేదని యాద్విగా దగ్గర అన్నావట. వచ్చాను.

రాత్రి రైలెక్కి తెల్లారేసరికి శ్మశానంలో ఉన్నాను. నాన్నకు, అమ్మకు చెరో దీపం వెలిగించాను. నాన్నది పెద్దది, ఎర్ర గాజు బుడ్డి, మీద తెలుపు ఎరుపు రిబ్బను, కిరీటం ఉన్న గద్ద బొమ్మ. నీకోసం గంటకు పైగా నిలబడ్డాను. మోకాలు ఒప్పుకోలేదు. పైగా నిజం చెప్పాలంటే నువ్వు వచ్చాక జనం ముందు ఏమంటావోనని భయమేసింది. స్టేషనుకు వెళ్ళిపోయాను.

నువ్వు వచ్చి ఆ దీపాన్ని "ఇది ఆ స్వావెక్ గాడి పనే" అని గేటు దగ్గర చెత్తడబ్బాలో పడేశావట. ఆ మాట యాద్విగా నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. డెబ్భై ఒకటో ఏట నాన్నకు పెట్టుకున్న దీపం అది. వెలుగుతూ ఉన్నదాన్ని తీసి పారేశావు.

చిన్నప్పటి నుంచి అన్నీ నీకే తెలుసు. నేను ఏం చెప్పినా ముందు తప్పు దిద్దుతావు, ఆ తరవాత వింటావు. ఈసారి వినను కూడా లేదు. అబద్ధాలకోరునన్నావు. సరే. నువ్వు కెమిస్ట్రీ మనిషివి, నా మాట నమ్మకు. ఆ కోటు ఎడమ చంక కింద అస్తరు చూడు. మిగతా కోటంతా సైన్యం దారంతో కుట్టింది. అక్కడ బెత్తెడు మేర నల్లదారం ఉంటుంది. యుద్ధం నుంచి వచ్చాక మళ్ళీ దాచడానికి అమ్మ కుట్టింది. 1978లో ఆసుపత్రికి ఆ కోటు నాచేత తెప్పించుకుని, కుట్టు విప్పించి, బిళ్ల తీయించి, మళ్ళీ అదే కన్నాల్లో కుట్టించాడు నాన్న. నా కుట్టు వంకరగా ఉంటుంది. చూసి మార్కులు వేయి.

నలభై ఏళ్ళు దులిపావు కదా. కనబడలేదా?

ఇగ్నాత్సీ


గ్రోజిన్, 9 నవంబరు

తమ్ముడూ,

వరసగా రాస్తాను, అడ్డురాకుండా చదువు.

దీపం డైరెక్టరుదే అనుకున్నాను. నీ ఉత్తరం అందిన పూటే శ్మశానానికి వెళ్ళాను. డబ్బా ఖాళీ చేసేశారు. అలాంటిదే ఇంకొకటి కొని, గద్ద బొమ్మ, కిరీటం అన్నీ ఉన్నదే వెతికి కొని, వెలిగించి వచ్చాను. అది నీ దీపమే. నా దీపం పక్కన వేరే ఉంది.

అక్కడి నుంచి నేరుగా మ్యూజియంకు వెళ్ళి నా వస్తువులు నాకు ఇచ్చేయమన్నాను. అరువు పత్రం నా ఒక్కదాని పేరున ఉంది. స్వావెక్ మొహం పాలిపోయింది.

"ప్రొఫెసర్ గారూ, పదకొండో తారీఖున మంత్రిగారొస్తున్నారండి. హాలు మధ్య బీరువా అది. ఖాళీగా ఉంటే నేనేం చెప్పను?"

"ఖాళీగా ఉందని చెప్పు. ఈ ఏడాది ఆ బీరువా చెప్పిన మొదటి నిజం అదే అవుతుంది."

"మీరు నా మీద కక్ష కట్టారు."

"కక్ష కట్టదలిస్తే ఆ రోజే ఫెయిల్ చేసేదాన్ని. కిరీటం గద్ద నాకివ్వకు, అది మా తమ్ముడిది, వాడికే పంపించు. మా గద్ద ఏ సొరుగులో పారేశావో అది తీసుకురా."

తెచ్చాడు. గెనోవెఫా టోపీని పలచటి కాగితంలో చుట్టి నా చేతిలో పెడుతూ, డైరెక్టరుకు వినబడకుండా, "మా మామగారిదీ కోడిపెట్టేనమ్మా. ఇంట్లో ఫొటో గోడకు తిప్పి పెట్టారు" అంది. టోపీ అందుకుని బయటికి నడిచాను. ఆమెను ఇంకా వివరం అడిగి ఉంటే అక్కడే కేకలు వేసి ఉండేదాన్ని.

ఇంటికి వచ్చి కోటును కిటికీ వెలుగులో బల్ల మీద పరిచాను. నల్లదారం ఉంది. నాకు ఎప్పుడూ కనబడుతూనే ఉంది, ఇగ్నాత్సీ. చిరుగు పడితే అమ్మ కుట్టిందనుకున్నాను. విప్పాను. నీ కుట్టు నిజంగానే దరిద్రంగా ఉంది. అస్తరు లోపలివైపు, నాన్న పక్కటెముకలకు ఆనిన చోట, గుడ్డ మీద ఆకుపచ్చ మచ్చ పడి ఉంది. లోహం చెమట తాగితే పడే మచ్చ. అది ఏళ్ళ తరబడి పడుతుంది. ఆమ్లంతో, అంగట్లో, ఎవరూ వేయలేరు. రెండు రెక్కలు, మధ్యలో తల, తల మీద చిన్న కిరీటం. ఎడమ రెక్క కొన కాస్త వంగి ఉంది.

నువ్వు అబద్ధమాడలేదు. ఆ మాట ఇక్కడ ఒకసారి రాస్తున్నాను, మళ్ళీ మళ్ళీ రాయమని అడగకు.

నాన్న నాకు చెప్పనందుకు కోపం ఉంది. పోయినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇన్నాళ్ళూ నీ మీద పెట్టాను. నన్ను కాపాడానని ఆయన అనుకున్నాడు. నన్నెవరూ కాపాడనక్కర్లేదని ఆయనకు తెలిసి ఉండాల్సింది. అయితే నీ మీద కోపమంతా దానివల్లే అనుకోకు. నువ్వు చేసింది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. నాన్న ఒక గద్దను నెత్తి మీద పెట్టుకున్నాడు, ఒక గద్దను ఒంటికి ఆనించుకున్నాడు. మొదటిదాన్ని చూసి తుపాకులు పేలాయి, రెండోదాన్ని ఎవరూ చూడలేదు. లోపల దాచుకున్నదాన్ని తీసి బయట తగిలించి, బయటిదాన్ని సొరుగులో పడేస్తే ఆయన బతుకంతా తిరగేసినట్టు. మీ చర్చి బల్ల దగ్గర నవ్వినవాళ్ళకు నువ్వు కిరీటం చూపించావు. "అవును, కోడిపెట్టే. మా నాన్న ఇంటికొచ్చాడు" అని చెప్పవలసింది.

ఇక మిగిలింది నేను చేసిన పని. నిన్ను సలహా అడగడం లేదు, అయిపోయింది.

మన ఇంటి కింది అంతస్తులో బజారువైపు గది ఖాళీగా ఉంది కదా, బొత్తాల దుకాణం ఎత్తేశాక. దాని అద్దాల కిటికీ లోపలికి దర్జీ దగ్గర మొండెం బొమ్మ ఒకటి తెప్పించి పెట్టాను. దానికి కోటు తొడిగాను. ఎడమ వైపు తెరిచి, అస్తరు బయటికి మడిచి, ఆ పచ్చ మచ్చ దారినపోయే ప్రతివారికీ కనబడేలా పిన్నులు గుచ్చాను. పైన టోపీ, దాని మీద కిరీటం లేని గద్ద, నాన్న పెట్టుకున్నట్టే. కింద అట్టముక్క మీద నా చేత్తో రాశాను:

"వాలెంతి గావ్లిక్, పదాతి సైనికుడు. ఈ కోటు 1943లో ఇచ్చారు. పై గద్దను పెట్టుకుని యుద్ధం చేశాడు. లోపలి గద్దను దాచుకున్నాడు. రెండూ ఆయనవే."

ఎల్లుండి ఊరేగింపు చర్చి నుంచి స్మారకం దాకా మన కిటికీ ముందు నుంచే వెళ్ళాలి. వేరే వీధి లేదు. మేయరు మనిషి పొద్దున వచ్చాడు. "మేడం, ఆ ఒక్క పూట తెర వేసుకుంటే బాగుంటుందేమో. మంత్రిగారు అపార్థం చేసుకుంటారు" అన్నాడు.

"అపార్థమేదైనా ఉంటే ఆగి చదువుకోమను. అక్షరాలు పెద్దవిగానే రాశాను" అన్నాను.

మ్యూజియం మళ్ళీ కబురు పెట్టింది, శాశ్వతంగా ఇచ్చేస్తే చీటీ మారుస్తామని. ఇవ్వనని రాసి పంపాను. నీ బిళ్ల నీ దగ్గరకు వస్తుంది. దాన్ని ఆ మచ్చ మీద కుట్టాలని నీకు అనిపిస్తే, వచ్చి నీ చేత్తో, నీ వంకర కుట్టుతో కుట్టు. అనిపించకపోతే మానెయ్. నేను అడగను.

తెరలు కడ్డీతో సహా ఊడదీసి అటక మీద పడేశాను. గది తాళంచెవి ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంటుంది.

లోజియా